పై జానెడు నీళ్లలో

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు, పాత చిత్తూరు జిల్లాకు ఎన్నడూ లేనిదొకటి తిరుపతి జిల్లాకు దక్కింది. అది సముద్రం. చంద్రగిరి, పుత్తూరు, పలమనేరు వైపు పెరిగినవాళ్లకు చేపంటే చెరువు చేపే. ఎండాకాలంలో నీళ్లు అడుగంటాక ఊరంతా గట్టున చేరి పట్టుకునే కొర్రమీను, జెల్ల, బొచ్చె, వీటితోనే లెక్క సరి. నెల్లూరు జిల్లా నుంచి సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు వచ్చి కలవడంతో పులికాట్ సరస్సులో పెద్ద భాగం, దాన్ని సముద్రం నుంచి వేరుచేసే శ్రీహరికోట దీవి, ఆ రెండింటిలో ఉన్న ప్రాణికోటి అంతా మన జిల్లా జాబితాలోకి వచ్చాయి.

నిజానికి ఈ చుట్టరికం కొత్తదేమీ కాదు. కాళంగి నది మన కొండల్లో పుట్టి సూళ్లూరుపేట మీదుగా పులికాట్‌లో కలుస్తుంది. పిచ్చాటూరు దగ్గర ఆనకట్ట కట్టిన అరణియార్ తమిళనాడులోకి దిగి, అదే సరస్సు దక్షిణపు కొసకు చేరుతుంది. చంద్రగిరి వైపు నుంచి తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా పారే స్వర్ణముఖి సరస్సుకు ఉత్తరాన బంగాళాఖాతంలో పడుతుంది. జిల్లాల గీతలు ఎలా గీసినా, ఇక్కడ కురిసిన వాన చివరికి చేరేది ఆ ఉప్పునీటికే.

శేషాచలం అడవుల బంగారు బల్లి గురించి, దేవాంగ పిల్లి గురించి మనం తరచుగా చెప్పుకుంటాం. ఈ అధ్యాయంలో చెప్పుకోబోయే జీవికి అంత పేరు లేదు. పులికాట్ ఒడ్డున వల దులిపినప్పుడు కానాగంతలు, రొయ్యలు, చిన్న చేపల కుప్పలో జానన్నర పొడుగున, వేలంత లావున, పొడుగాటి ముక్కుతో కనిపిస్తుంది. సూదిచేప అంటారు, ముక్కుచేప అంటారు. తమిళం, తెలుగు కలగలిసి వినిపించే తడ, ఆరంబాకం వైపు మురల్ అన్న మాట కూడా చెవిన పడుతుంది. సూదిచేపల కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద ముప్పైకి పైగా జాతులున్నాయి. వాటిలో ఉప్పుటేరులకూ మడ అడవుల అంచులకూ తీరం వెంబడి లోతు లేని నీళ్లకూ బాగా అలవాటు పడ్డ జాతి ఒకటి ఉంది. దాని శాస్త్రనామం స్ట్రాంగైల్యూరా స్ట్రాంగైల్యూరా. హిందూ మహాసముద్రపు తీరాల నుంచి ఆస్ట్రేలియా ఉత్తరపు ఒడ్డు దాకా ఇది ఉంది.

దీని గురించి తెలుసుకోవలసినదంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. ఈ చేప నీటి అడుగున బతకదు, నడిమి నీళ్లలోనూ బతకదు. గాలికీ నీటికీ మధ్య ఉండే పొరను ఆనుకుని, పై జానెడు నీళ్లలో బతుకుతుంది. దాని ఒంటి తీరు, రంగు, కన్ను, వేట, గుడ్డు, దానివల్ల మనిషికి కలిగే ప్రమాదం కూడా ఆ జానెడు లోతు నుంచే వచ్చాయి.

ఒంటి తీరు

చేపను చేతిలోకి తీసుకుని చూడండి. రెండు దవడలూ ముందుకు సాగి ముక్కులా తయారయ్యాయి. వాటి అంచుల పొడుగునా సూదిమొనల్లాంటి పళ్లు. వేలితో ముక్కు కొస నుంచి కంటి వైపు నిమిరితే పళ్లు చర్మానికి తగులుకుంటాయి. వెన్ను ఆకుపచ్చ, నీలం కలిసిన రంగు. పక్కలు, పొట్ట తళతళలాడే వెండి రంగు. పై నుంచి చూసే కొంగకు వెన్ను రంగు సరస్సు నీటిలో కలిసిపోతుంది. కింది నుంచి చూసే చేపకు వెండి పొట్ట ఆకాశపు వెలుగులో కలిసిపోతుంది. నీటి పై పొరలో తిరిగే చేపల్లో చాలావాటికి ఈ రెండు రంగుల ఏర్పాటు ఉంటుంది. పై నుంచి పక్షి, కింది నుంచి పెద్ద చేప, రెండు వైపుల నుంచీ ముప్పు ఉన్నప్పుడు ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

వెన్ను మీద రెక్క ఒక్కటే. అదీ నడుము మీద ఉండదు, బాగా వెనక్కి జరిగి తోక దగ్గర ఉంటుంది. సరిగ్గా దాని కింద, పొట్ట వైపు ఇంకో రెక్క. ఈ రెండూ తోక రెక్కతో కలిసి ఒంటి వెనక భాగంలో ఒకేచోట వెడల్పాటి తెడ్డును తయారుచేస్తాయి. నిలకడగా ఉన్న చేప ఒక్కసారిగా ముందుకు దూకాలంటే నీటిని వెనక్కి బలంగా నెట్టాలి. ఆ నెట్టే వెడల్పు అంతా వెనకే ఉండటం వల్ల మొదటి తోక దెబ్బకే వేగం వస్తుంది. పొంచి ఉండి మీద పడే వేటచేపలు చాలావాటిలో, చుట్టరికం లేకపోయినా, రెక్కలు ఇలాగే వెనక్కి జరిగి ఉంటాయి.

ఇంకొక సంగతి దగ్గరగా చూస్తే తప్ప కనపడదు. చేపలకు ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. పార్శ్వరేఖ అంటారు. నీటిలో కలిగే చిన్న కదలికను కూడా పసిగట్టే జ్ఞానేంద్రియం అది. బొచ్చె, శీలావతి లాంటి చేపల్లో అది ఒంటి నడుమన పోతుంది. సూదిచేపలోనూ దాని దగ్గరి చుట్టాల్లోనూ అది కిందికి దిగి పొట్ట అంచు వెంబడి సాగుతుంది. ఈ చేపకు పైన ఉన్నది గాలి. అక్కడ నీటి కదలిక ఉండదు. తెలుసుకోవలసిన కబురంతా పక్కల నుంచి, కింది నుంచి వస్తుంది. గీత ఉన్న చోటు ఆ బతుక్కు సరిగ్గా సరిపోతుంది.

తోక చెప్పే గుర్తు

సూదిచేపలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. అందుకే గుర్తుపట్టేటప్పుడు ముక్కును వదిలేసి తోకను చూడాలి. మన జాతి తోక రెక్క అంచు గుండ్రంగా ఉంటుంది. తోక మొదట్లో నల్లటి గుండ్రని మచ్చ ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. ఇదే నీళ్లలో, ఇదే తీరంలో తిరిగే ఇంకొక జాతి స్ట్రాంగైల్యూరా లీయూరా. దాని తోక అంచు కొద్దిగా లోపలికి వంగి ఉంటుంది, మచ్చ ఉండదు. దాని చెంప మీద నిలువుగా నల్లటి పట్టీ ఉంటుంది, ఒళ్లు కూడా ఎక్కువ పొడుగు పెరుగుతుంది. రెక్కల్లోని కిరణాలను లెక్కపెట్టినా తేడా తెలుస్తుంది. మచ్చ తోక చేపకు వెన్ను రెక్కలో 12 నుంచి 15 కిరణాలుంటాయి. రెండో జాతికి 17కు తగ్గవు. మచ్చ తోక చేప మామూలుగా 30 సెంటీమీటర్లు, మహా అయితే 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. బయట సముద్రంలో తిరిగే టైలోసూరస్ క్రోకోడైలస్ అనే సూదిచేప మీటరున్నర దాకా ఎదుగుతుంది.

ఈ చేపలు శాస్త్రగ్రంథాలకు ఎక్కడంలో తెలుగు తీరానికి భాగం ఉంది. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉండి, ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. రక్తపింజరకు ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే. పాములతో పాటు చేపలను కూడా సేకరించి, బొమ్మలు గీయించి, 1803లో లండన్‌లో ఒక గ్రంథం అచ్చువేశాడు. అందులో విశాఖపట్నంలో దొరికిన 200 చేపలున్నాయి. లాటిన్ పేర్లు లేని చేపలకు ఆయన స్థానికుల నోట విన్న తెలుగు పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాడు. పొడుగు దవడల చేపల బొమ్మల కింద కనిపించే పేరు కుద్దెర. తర్వాత యూరప్ శాస్త్రవేత్తలు ఆ బొమ్మలను చూసి కొన్ని జాతులకు శాస్త్రనామాలు కట్టారు. మచ్చ తోక సూదిచేపకు 1823లో పేరు పెట్టిన వాన్ హాసెల్ట్ డచ్చివాడు. జావా దీవిలో చేపలు సేకరిస్తూ, జబ్బుపడి ఆ ఏడాదే చనిపోయాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు.

కోసి చూస్తే

సూదిచేపను మొదటిసారి కొని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు దాన్ని కోసినప్పుడు బిత్తరపోతారు. ఎముకలు పచ్చగా ఉంటాయి. పసుపు రంగు కాదు, ఆకుపచ్చ. పులుసులో ఉడికినా ఆ రంగు పోదు. చేప చెడిపోయిందనో, విషం ఉందనో పారేసేవాళ్లూ ఉన్నారు. భయపడాల్సిన పని లేదు. ఆ రంగు బిలివర్డిన్ అనే పదార్థానిది. మన ఒంట్లోనూ అది తయారవుతుంది. ఎర్ర రక్తకణాలు పాతబడి విచ్ఛిన్నమైనప్పుడు వాటిలోని హీమ్ నుంచి పుట్టే మొదటి పదార్థాల్లో అదొకటి. దెబ్బ తగిలి కమిలిన చోట నాలుగైదు రోజులకు చర్మం కింద కనిపించే ఆకుపచ్చ ఛాయ దానిదే. మన ఒళ్లు దాన్ని వెంటనే వేరే పదార్థంగా మార్చి బయటికి పంపేస్తుంది. సూదిచేపలో అది ఎముకల్లో చేరి నిలిచిపోతుంది. ఎముకల్లో ఇనుము, భాస్వరం కలిసిన ఖనిజం వల్ల ఈ రంగు వస్తుందని చాలాకాలం అనుకున్నారు. యూరప్ తీరంలోని సూదిచేప ఎముకలను జర్మనీ పరిశోధకులు పరీక్షించి, రంగు బిలివర్డిన్‌దేనని 2013లో తేల్చారు. అది ఎముకల్లో పేరుకోవడం వల్ల చేపకు ఏం ఒరుగుతుందో మాత్రం ఇంకా తేలలేదు. తినేవాళ్లకు హాని లేదు, మాంసం తెల్లగా, రుచిగా ఉంటుంది. ఇబ్బందల్లా సన్న ముళ్లతోనే.

పొట్ట చీల్చితే ఇంకో విశేషం. ఈ చేపకు జీర్ణాశయం లేదు. గొంతు దాటిన ఆహారం తిన్నగా పేగులోకి వెళ్తుంది. పేగు కూడా మెలికలు తిరగకుండా గొట్టంలా సూటిగా ఉంటుంది. చేపను చేపగా మింగే వేటగాడికి పెద్ద సంచీలాంటి కడుపు ఉంటుందని మనం అనుకుంటాం. సూదిచేప ఆ లెక్కకు అందదు. మింగిన చేపను ట్రిప్సిన్ లాంటి ఎంజైములు పేగులోనే కరిగిస్తాయి. ఆ కుటుంబం మొత్తానిదీ ఇదే తీరు. గడ్డీ నాచూ తినే దాని చుట్టాలకు కూడా కడుపు ఉండదు.

మొప్ప మూతను వేలితో పైకెత్తి చూడటం మర్చిపోవద్దు. ఒక్కోసారి మొప్పల గదిలో ఒక పక్కన గోటి పరిమాణంలో, లేత రంగులో, కాళ్లు ముడుచుకుని పట్టుకున్న పురుగొకటి కనిపిస్తుంది. అది పురుగు కాదు, రొయ్యలకూ పీతలకూ దూరపు చుట్టం. మొథోసియా అనే ఐసోపాడ్ ప్రజాతికి చెందింది. సూదిచేపల మొప్పల్లో బతకడానికి అలవాటు పడింది. చిన్నతనంలో ఈదుతూ వచ్చి చేపను పట్టుకుంటుంది, మొదట మగదిగా ఉంటుంది, పెరిగాక ఆడదిగా మారుతుంది. అది కూర్చున్న వైపు మొప్ప కుంచించుకుపోతుంది. చేప చావదు, అద్దెకున్నవాడికి ఇంటివాడు చస్తే నష్టమే కదా. మనిషికి దానివల్ల ఏ జబ్బూ రాదు. తీసి పారేసి వండుకోవచ్చు.

నీటి కిటికీ

సూదిచేప ఆహారం చిన్న చేపలు, రొయ్యలు. పులికాట్‌లో పరిగెల్లాంటి చిన్న చేపలకూ, కానాగంత పిల్లలకూ కొదవలేదు. వేటాడే పద్ధతి ఓపిక మీద నడుస్తుంది. నీటి పై పొరలో కదలకుండా తేలుతూ, లేదా తోక కొసను మాత్రమే ఆడిస్తూ గుంపును సమీపిస్తుంది. దగ్గరికి వచ్చాక ఒక్క దూకు. ముక్కుతో పొడవదు. తల పక్కకు విదిల్చి, దవడల మధ్య చేపను అడ్డంగా ఇరికించుకుంటుంది. సూదిపళ్లు కొరకడానికి పనికిరావు, జారిపోకుండా పట్టడానికే. తర్వాత చేపను మెల్లగా తిప్పి, తల లోపలికి పోయేలా సర్దుకుని, మొత్తంగా మింగేస్తుంది. తోక నుంచి మింగితే చేప రెక్కలు విప్పుకుని గొంతుకు అడ్డం పడతాయి.

ఇంత పొడుగు ముక్కుతో, ఇంత తేటగా కనిపించే చోట ఉండి, చిన్న చేపల కళ్లబడకుండా ఎలా దగ్గరికి పోగలుగుతుంది? దీనికి జవాబు కాంతి శాస్త్రంలో ఉంది.

నీటి లోపల ఉన్న చేప తల పైకెత్తి చూస్తే, నీటి ఉపరితలం అంతా పారదర్శకంగా కనపడదు. కాంతి గాలిలో నుంచి నీటిలోకి దిగేటప్పుడు వంగుతుంది. అందుకని దిగంతం నుంచి దిగంతం దాకా పైనున్న లోకమంతా చేప కంటికి నెత్తిన ఒక గుండ్రటి వెలుగు కిటికీలో ఇమిడిపోయి కనిపిస్తుంది. ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. కిటికీ దాటిన మేరంతా నీటి ఉపరితలం అద్దమైపోయి, కింది నీటినే తిప్పి చూపిస్తుంది. దీన్ని స్నెల్ కిటికీ అంటారు. అర మీటరు లోతులో ఉన్న చేపకు ఈ కిటికీ అడ్డం మీటరుకు కాస్త ఎక్కువ. కిటికీ అంచుల్లో, అంటే నీటికి దాదాపు సమాంతరంగా దూరం నుంచి వచ్చేవన్నీ సన్నని వలయంలో నొక్కుకుపోయి, కనీకనపడకుండా ఉంటాయి. పైగా చిన్న అల రేగినా ఆ అంచు చెదిరిపోతుంది.

సూదిచేపలు దీన్ని వాడుకుంటున్నాయని ఆస్ట్రేలియా పరిశోధకులు 2016లో ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. చిన్న చేపల గుంపుల మీద సూదిచేపలు చేసే దాడులను వాళ్లు గమనించారు. మామూలుగా నీటిలో నుంచే మీద పడే దాడులతో పాటు, మరో రకం దాడి కూడా కంటబడింది. సూదిచేప దూరం నుంచే నీటి బయటికి దూకి, గాలిలో సాగి, గుంపు నడినెత్తి మీద దిగుతుంది. నీటిలో దూసుకొస్తే ముందు పుట్టే ఒత్తిడి అల గుంపుకు ముందే కబురు చెప్పేస్తుంది. గాలిలో వస్తే ఆ కబురు అందదు. తక్కువ ఎత్తున, కిటికీ అంచు వెంట వస్తుంది కాబట్టి కంటికీ ఆలస్యంగా ఆనుతుంది. గుంపు చెదిరేలోగా ముక్కు నీటిలో దిగిపోతుంది. పై జానెడు నీళ్లలో బతికేవాడికి గాలి కూడా వేట పొలమే అన్నమాట.

దూకుడు తెచ్చే ప్రమాదం

దూకడం వేటకే కాదు, పారిపోవడానికి కూడా. పెద్ద చేప తరిమినా, పడవ దగ్గరికి వచ్చినా, వల చుట్టుముట్టినా సూదిచేప నీటి మీదికి లేస్తుంది. ఒక్కోసారి ఒళ్లంతా గాలిలో ఉండి, తోక మాత్రం నీటిని కొడుతూ కొంత దూరం సాగుతుంది. తేలే వల పై తాడును ఇలా దాటిపోవడం జాలర్లకు తెలిసిన విషయమే. ఎగిరే చేపలు దీనికి దగ్గరి చుట్టాలు. వాటికి రెక్కలు వెడల్పయ్యాయి. సూదిచేపకు రెక్కలు ఎదగలేదు గాని, దూకే అలవాటు మిగిలింది.

రాత్రి వేళ దీపం వెలుగు పడినప్పుడు ఈ అలవాటు ప్రమాదమవుతుంది. వెలుగు చూసి బెదిరిన సూదిచేప దాని వైపే దూసుకు వస్తుంది. పెద్ద జాతులు బరువుగా ఉంటాయి, ముక్కు గట్టిగా, మొనదేరి ఉంటుంది. 1977లో హవాయి దీవుల్లోని కవాయిలో రాత్రి వేళ తండ్రితో చేపలవేటకు వెళ్లిన పదేళ్ల పిల్లవాడు సూదిచేప కంటి గుండా మెదడులోకి దిగడంతో చనిపోయాడు. 2018లో థాయిలాండ్‌లో నావికాదళ శిక్షణలో ఉన్న ఒక యువకుడికి మెడలో గుచ్చుకుని ప్రాణం పోయింది. గాయం చిన్నగా కనిపించినా, ముక్కు కొస విరిగి లోపల ఉండిపోయే అవకాశం ఉంది. అందుకే గుచ్చుకున్న చేపను అక్కడికక్కడ లాగేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలని వైద్యులు చెబుతారు. పులికాట్ లోపల దొరికే మచ్చ తోక చేప చిన్నది, తేలికది. దానివల్ల అంత ముప్పు లేదు. ముఖద్వారం దాటి బయట సముద్రంలో రాత్రి దీపాలు పెట్టుకుని వేటాడేవాళ్లు మాత్రం వెలుగును నీటికి దగ్గరగా ముఖం ఎత్తున పెట్టుకోకపోవడం మేలు.

కింది దవడ ముందు

సూదిచేప గుడ్లు పెద్దవి. చాలా సముద్రపు చేపల గుడ్లు మిల్లీమీటరు మేర ఉంటే, సూదిచేపలవి మూడు, నాలుగు మిల్లీమీటర్లు ఉంటాయి. గుడ్డు మీద నుంచి సన్నని జిగురు దారాలు వేలాడతాయి. నీటిలో తేలే ఆకులకు, పుల్లలకు, నాచుకు, మడ వేర్లకు ఆ దారాలు చుట్టుకుని గుడ్లు పట్టుకుని ఉంటాయి. అడుగుకు జారి బురదలో పడిపోవు. పుట్టబోయే పిల్ల కూడా తల్లి ఉన్న పై నీళ్లలోనే కళ్లు తెరుస్తుంది. పిల్లలు పుల్లముక్కల్లా చలనం లేకుండా తేలుతూ ఉండటం చాలా జాతుల్లో గమనించారు. చెత్తా ఆకులూ కొట్టుకుపోయే చోట వాటిని పసిగట్టడం కష్టం.

పిల్ల పుట్టినప్పుడు ముక్కు ఉండదు. రెండు దవడలూ పొట్టివే. కొన్నాళ్లకు కింది దవడ ఒక్కటే ముందుకు సాగుతుంది. పై దవడ పొట్టిగానే ఉంటుంది. ఆ దశలో పిల్లను చూస్తే వేరే చేప అనుకుంటాం. ఎందుకంటే సగం ముక్కు చేపలని ఇంకో గుంపు ఉంది, వాటికి జీవితాంతం కింది దవడే పొడుగు. తర్వాత పై దవడ కూడా ఎదిగి కింది దానిని అందుకుంటుంది. అప్పుడు సూదిచేప పూర్తయినట్టు.

ఈ వరుస వెనక పెద్ద చర్చ నడిచింది. పిండం ఎదుగుతూ తన పూర్వీకుల రూపాలన్నీ దాటుకుని వస్తుందని 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెకెల్ ఒక సూత్రం చెప్పాడు. అది అన్ని జీవులకూ వర్తించే నియమం కాదని తర్వాత తేలిపోయింది. సూదిచేప విషయంలో రెండు దారులున్నాయి. సూదిచేపలే పాతవై, వాటిలో కొన్ని ఎదుగుదల మధ్యలో ఆగిపోయి సగం ముక్కు చేపలయ్యాయని ఒకటి. సగం ముక్కు చేపలే పాతవై, వాటి నుంచి పై దవడ కూడా పెంచుకుని సూదిచేపలు వచ్చాయని రెండోది. నాథన్ లవ్‌జాయ్ 2000లో డీఎన్ఏ ఆధారాలను, ఒంటి లక్షణాలను కలిపి వంశవృక్షం కట్టి చూశాడు. రెండోదే నిజమని తేలింది. అంటే ఈ ఒక్క దవడ విషయంలో సూదిచేప పిల్ల తన వంశం నడిచిన దారినే తాను ఎదిగే దారిగా మళ్లీ నడుస్తోంది. నియమంగా కూలిపోయిన సూత్రానికి నిజమైన ఉదాహరణ ఒకటి మిగిలింది.

లోతు లేని సరస్సు

ఇప్పుడు పులికాట్‌కు వద్దాం. దేశంలోని ఉప్పునీటి సరస్సుల్లో చిలకా తర్వాత ఇదే పెద్దది. పరుపు ఎక్కువ, లోతు తక్కువ. చాలాచోట్ల మీటరుకు అటూఇటూ మాత్రమే. పై జానెడు నీళ్లలో బతికే చేపకు ఇది అనువైన చోటు. పొడుగు కాళ్ల రాజహంసలకూ అనువైన చోటే, అందుకే అవి ఇక్కడికి వస్తాయి. గూడబాతులు, రివ్వుపిట్టలు, కొంగలు కూడా ఇక్కడ చేరతాయి. పై నీళ్లలో తిరిగే చేప వాటికి సులువుగా అందుతుంది. సూదిచేప ఇక్కడ వేటగాడూ, వేట వస్తువూ.

సరస్సు నీటి ఉప్పదనం ఏడాదంతా ఒకేలా ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానకు కాళంగి, అరణియార్ పొంగి మంచినీరు దిగుతుంది. నదులు కలిసే చోట నీళ్లు దాదాపు చప్పబడతాయి. వేసవి నాటికి నదులు ఎండి, ఎండకు నీరు ఆవిరై, మిగిలిన నీటి ఉప్పదనం సముద్రాన్ని మించుతుంది. ఉత్తర భాగంలో చాలా మేర బీళ్లు పడి బురద నేల తేలుతుంది. ఈ మార్పులను తట్టుకునే చేపలే ఇక్కడ నిలుస్తాయి. తట్టుకోలేని రోజుల్లో సముద్రంలోకి తప్పుకోవడానికి దారి ఉండాలి. ఆ దారులే ముఖద్వారాలు. దక్షిణాన తమిళనాడులోని పళవేర్కాడు దగ్గర ఒకటి, మన వైపు వాకాడు మండలంలో రాయదొరువు దగ్గర ఒకటి ఉన్నాయి. అలలు తెచ్చిపోసే ఇసుకతో అవి పూడుకుపోతుంటాయి. పూడిక తీసి తెరవమని పట్టపు, యానాది జాలర్లు ఎన్నో ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. దానికి తోడు సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వేసిన రోడ్డు సరస్సును అడ్డంగా కోస్తూ పోతుంది. రోడ్డు కింది తూములు ఎంత తెరిచి ఉంటే, అటూఇటూ నీళ్లు అంతే కలుస్తాయి.

ముఖద్వారం మూసుకుంటే జాలర్లు మొదట చూసుకునేది రొయ్య రాబడి. రొయ్య పిల్లలు సముద్రంలో పుట్టి సరస్సులోకి వచ్చి ఎదుగుతాయి కాబట్టి ఆ లెక్క న్యాయమే. సూదిచేప రేటు తక్కువ, దాని కోసం ఎవరూ వల వేయరు. అయితే అది రొయ్య చెప్పలేని ఇంకో కబురు చెబుతుంది. అది చిన్న చేపలను తినే జీవి. దాని గుడ్లకు నీటి పైన తేలే నాచు, ఆకులు కావాలి. అది సముద్రానికీ సరస్సుకూ మధ్య రాకపోకలు సాగించగలగాలి. ఈ మూడూ ఉన్న చోటే అది నిలుస్తుంది.

స్వర్ణముఖి చుట్టం

సముద్రం దాకా పోలేని పాఠకుడికి ఈ కుటుంబంలో ఒక చేప ఇంటి దగ్గరే ఉంది. జెనెంటోడాన్ కాన్సిలా అనే మంచినీటి సూదిచేప దేశమంతటా నదుల్లో, చెరువుల్లో, కాలువల్లో ఉంటుంది. గంగానది చేపల మీద హామిల్టన్ 1822లో అచ్చువేసిన గ్రంథంలో దీనికి మొదటిసారి శాస్త్రనామం పెట్టాడు. తల మీద పొడుగునా లోతైన గాడి ఉంటుంది. ఒంటి పక్కన వెండి చార ఉంటుంది. తోక అంచు తిన్నగా కోసినట్టుంటుంది, మచ్చ ఉండదు. వాన వచ్చినప్పుడు పారి, మిగతా కాలం ఇసుకే కనిపించే మన నదుల్లో ఇలాంటి చేపలు మడుగుల్లో, చెరువుల్లో తల దాచుకుని తర్వాతి పారకం కోసం ఎదురుచూడాలి. చిన్న చేపలు, కప్ప పిల్లలు, నీటి మీద పడే పురుగులు దీని తిండి. గట్టు మీద నిలబడి నీడ పడకుండా చూస్తే, పుల్ల అనుకున్నది కదలడం కనిపిస్తుంది.

ఉప్పు వైపు మచ్చ తోక చేప, మంచినీటి వైపు గాడి తల చేప. రెండింటి మధ్య హద్దు నదీ ముఖం దగ్గర ఎక్కడ పడుతుంది, ఏ నెలలో ఎటు జరుగుతుంది అన్నది సూళ్లూరుపేట, నాయుడుపేట కళాశాలల విద్యార్థులు కనుక్కోగల విషయం. అందుకు ప్రయోగశాల అక్కరలేదు. వల ఒడ్డుకు వచ్చినప్పుడు ముక్కుచేప తోకను చూసి, అంచు గుండ్రంగా ఉందా, మచ్చ ఉందా, చెంప మీద పట్టీ ఉందా అని రాసుకోవాలి. పక్కనే తేదీ, ఊరు, నీటి ఉప్పదనం రాయాలి. ఉప్పదనం కొలిచే చిన్న పరికరం రొయ్యల చెరువుల దగ్గర ఎవరినడిగినా దొరుకుతుంది. రస్సెల్ విశాఖపట్నంలో చేసింది కూడా ఇంతే. ఒడ్డున దొరికినదాన్ని చూశాడు, బొమ్మ గీయించాడు, జాలర్లు చెప్పిన పేరు రాసుకున్నాడు. ఐదారేళ్లు ఇలా రాసిన నోటుపుస్తకం ఒకటి ఉంటే, ముఖద్వారం తెరవడం వల్ల సరస్సుకు ఏం మేలు జరిగిందో చెప్పడానికి రొయ్యల టన్నులతో పాటు రెండో సాక్ష్యం దొరుకుతుంది.